బ్రేకు పట్టేసినప్పుడు: కాలిపర్ లోపాన్ని కనిపెట్టడం, సరిచేయడం

డిస్కు బ్రేకులున్న కారులో పెడల్ మీద నుంచి కాలు తీయగానే ప్యాడ్లు డిస్కును వదిలేయాలి. వదలకుండా రాసుకుంటూనే ఉంటే బ్రేకు పట్టేసినట్టు. వెంటనే అందరి అనుమానం కాలిపర్ మీదికే పోతుంది. కొత్త కాలిపర్ వేయించాక కూడా కొన్నాళ్లకు అదే చక్రం మళ్లీ కాలడం మొదలవుతుంది, ఎందుకంటే పట్టు కాలిపర్ లోపలే ఉండాలన్న నియమం లేదు. అది గైడ్ పిన్నులో ఉండొచ్చు, పిస్టన్‌లో ఉండొచ్చు, ప్యాడ్ కూర్చునే గాడిలో ఉండొచ్చు, రబ్బరు హోస్‌లో ఉండొచ్చు, పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ వైపు ఉండొచ్చు. ఈ అయిదింటిలో ఏదో తేలాకే విడిభాగాల దుకాణానికి వెళ్లాలి. తేల్చుకునే పరీక్షలకు ఖర్చు దాదాపు ఉండదు, ఓపిక ఉంటే చాలు.

కాలిపర్ ఎలా పట్టుకుంటుంది, ఎలా వదులుతుంది

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. ముందు చక్రాల మీద ఉండేది ఎక్కువగా జారుడు కాలిపర్. దీనికి బ్రాకెట్, బాడీ అని రెండు భాగాలు. బ్రాకెట్ చక్రం వెనకాల కదలకుండా బిగించి ఉంటుంది. బాడీ రెండు గైడ్ పిన్నుల ఆధారంగా పక్కకు జరుగుతుంది. పిస్టన్ లోపలివైపు ఒక్కటే ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. ఆ ఎదురుబలానికి బాడీ మొత్తం పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ను కూడా లాక్కొచ్చి డిస్కుకు అదుముతుంది.

వదిలే పని ఇంకా సున్నితం. పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ గాడిలో చదరపు అంచులున్న రబ్బరు సీలు ఒకటి ఉంటుంది. పిస్టన్ ముందుకు పోతున్నప్పుడు సీలు దాన్ని అంటిపెట్టుకునే వంగుతుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ నిటారుగా నిలబడుతూ పిస్టన్‌ను మిల్లీమీటరులో చిన్న వంతు వెనక్కి తెస్తుంది. ప్యాడ్‌కు, డిస్కుకు మధ్య దొరికే సందు అంతే. కాబట్టి పిస్టన్ మీద పలుచని తుప్పు పొర, పిన్ను చుట్టూ ఎండిన కాస్త మట్టి ఉన్నా చాలు, ప్యాడ్ వెనక్కి రాదు.

రాయచూరు దారుల్లో ఇది ఎందుకు ఎక్కువ

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న రాయచూరు జిల్లాలో బ్రేకుకు మూడు వైపుల నుంచి పరీక్ష ఎదురవుతుంది. మొదటిది నల్లరేగడి. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో నాట్ల కాలమంతా దమ్ము చేసిన ట్రాక్టర్లు పొలం నుంచి నేరుగా రోడ్డెక్కుతాయి. తారు మీద పడిన బురద మీదుగానే అక్కడి ఊళ్ల కార్లు తిరగాలి. నల్లరేగడి మెత్తటి బంకమట్టి. తడిగా ఉన్నప్పుడు ఏ సందులోకైనా పాకుతుంది, ఎండితే రాయిలా గట్టిపడుతుంది. పిన్ను మీది రబ్బరు బూటుకు చిన్న పగులు ఉన్నా ఆ బురద లోపలికి వెళ్లి గ్రీజుతో కలిసిపోతుంది.

రెండోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి, బ్రేకు వేడికి రబ్బరు బూట్లు పెళుసెక్కుతాయి, పిన్నుల గ్రీజు ఎండుతుంది. మూడోది కదలకుండా నిలిచిపోవడం. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాల్లో ఉంటే, ఊళ్లో కారు నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది. పాత బ్రేక్ ఆయిల్‌లో చేరిన తేమ పిస్టన్ చుట్టూ తుప్పు పట్టించడానికి అంత వ్యవధి చాలు.

గుర్తుపట్టే లక్షణాలు

పట్టేసిన బ్రేకు చప్పున బయటపడదు, కొన్ని వారాల పాటు చిన్న చిన్న సూచనలు ఇస్తుంది.

– కారు ఒక పక్కకు లాగుతుంది. బ్రేకు తొక్కకుండానే లాగుతుంటే, లాగే వైపు చక్రం పట్టి ఉందని అనుమానించాలి. తొక్కినప్పుడు మాత్రమే లాగుతుంటే, ఎదుటి వైపు కాలిపర్ పని చేయడం లేదేమో చూడాలి.

– చదునైన రోడ్డు మీద గేరు తీసి వదిలితే కారు ముందులా దొర్లదు, త్వరగా ఆగిపోతుంది. మైలేజీ తగ్గుతుంది.

– ఒక చక్రం రిమ్ముకే నల్లటి బ్రేకు పొడి ఎక్కువగా పడుతుంది.

– కాసేపు నడిచాక కాలిన వాసన వస్తుంది, స్టీరింగు అదురుతుంది.

– పెడల్ మెత్తబడుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన సూచన ఇదే. కాలిపర్ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే, పెడల్ కిందికి దిగిపోయినా బ్రేకు పడదు.

చక్రం బేరింగు పాడైనా చక్రం వేడెక్కుతుంది. అయితే బేరింగు చప్పుడు వేగంతో పాటు పెరిగే హోరులా ఉంటుంది. చక్రాన్ని పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలుస్తుంది. వెనక డ్రమ్ము పట్టేస్తే ముందుగా హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను చూడాలి. డ్రమ్ము మరమ్మతు వేరే పద్ధతి.

దారిలో ఉండగా వాసన, పొగ వస్తే

బ్రేకు అవసరం తగ్గిస్తూ, ఇంజిన్ గేర్లతో వేగం దించుకుంటూ పక్కకు ఆపాలి. ఆపే చోటు ముఖ్యం. కోతల కాలంలో రోడ్ల పక్కన వరిగడ్డి, జొన్న చొప్ప పరిచి ఉంటాయి. కాలుతున్న డిస్కు వాటి మీద నిలిస్తే మంట అంటుకోవచ్చు. ఖాళీ నేల చూసి ఆపాలి. డిస్కు మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా చల్లబడిన ఇనుము వంకర తిరగవచ్చు, పగలవచ్చు. అరగంటైనా ఆరనివ్వాలి. చల్లారాక చక్రం స్వేచ్ఛగా తిరుగుతూ, పెడల్ గట్టిగా ఉంటేనే దగ్గరి వర్క్‌షాపు వరకు నెమ్మదిగా తీసుకెళ్లవచ్చు. పెడల్ మెత్తగా ఉన్నా, చక్రం ఇంకా పట్టి ఉన్నా లాగించి తీసుకెళ్లడమే సరైనది.

పరీక్షల వరుస

ఈ వరుసను మధ్యలో వదలకుండా పాటిస్తే, చివరికి లోపం ఒక్క చోటికి చేరుతుంది.

మొదటి పరీక్ష వేడి. బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ ఎనిమిది, పది కిలోమీటర్లు నడిపి ఆపాలి. నాలుగు చక్రాల దగ్గర అరచేతిని కొంచెం దూరంగా ఉంచి సెగను పోల్చాలి. డిస్కును ముట్టకూడదు. దూరం నుంచి వేడి కొలిచే గన్ను ఉంటే ఇంకా మంచిది. ముందు చక్రాలు రెండూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకటి 60 డిగ్రీలు, రెండోది 150 చూపిస్తే పట్టిన చక్రం దొరికినట్టే. ముందు చక్రాలు రెండూ కాలుతుంటే రెండు కాలిపర్లు ఒకేసారి చెడ్డాయని అనుకునే ముందు మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. ఆయిల్ దారులు ఐమూలగా విడగొట్టిన కార్లలో ముందు ఎడమ, వెనక కుడి చక్రాలు కలిసి వేడెక్కినా అనుమానం అటే పోవాలి.

రెండో పరీక్ష చేత్తో తిప్పి చూడడం. కారును చదునైన గట్టి నేల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, జాకీతో లేపి, తప్పకుండా స్టాండు మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి పని చేయకూడదు. నల్లరేగడి మీద జాకీ కింద మందమైన చెక్క పలక ఉండాలి. గేరు తీసి చక్రం తిప్పితే ప్యాడ్ల పలుచని రాపిడి చప్పుడు వినిపించడం సహజం. రెండు చేతులతో బలవంతంగా తిప్పాల్సి వస్తే సహజం కాదు.

మూడో పరీక్ష నిపుల్, అంటే కాలిపర్‌లోని ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర. పరీక్షలన్నిటిలో ఎక్కువ చెప్పేది ఇదే. ఒకరు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి వదలాలి. చక్రం పట్టి ఉండగానే కాలిపర్ మీది నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, గొట్టం చివర సీసాలో పెట్టి, నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే, లోపల ఒత్తిడి చిక్కుకుని ఉందన్నమాట. కాలిపర్ బాగానే ఉంది, తప్పు హోస్‌ది లేదా అంతకు పైనున్నవాటిది. ఆయిల్ కారినా చక్రం అలాగే బిగుసుకుని ఉంటే పట్టు పిస్టన్‌లోనో, పిన్నుల్లోనో, ప్యాడ్ గాడిలోనో ఉంది.

నాలుగో పరీక్ష ఒత్తిడి చిక్కుకున్నప్పుడు చేసేది. నిపుల్ మూసి, మళ్లీ పెడల్ తొక్కి, ఈసారి హోస్‌కు పైన ఇనుప పైపు కలిసే జాయింటును కొద్దిగా వదులు చేయాలి. అక్కడ వదలగానే చక్రం తిరిగితే లోపం మాస్టర్ సిలిండర్ వైపుది. అక్కడ వదిలినా తిరగక, నిపుల్ తెరిస్తేనే తిరిగితే హోస్ లోపల మూసుకుపోయింది. పైకి బాగానే కనిపించే పాత హోస్ లోపలి పొర ఊడి వాల్వులా అడ్డుపడుతుంది. కాలు బలానికి ఆయిల్ అటు వెళ్తుంది గానీ తిరిగి రాలేదు.

అయిదో పరీక్ష కాలిపర్ విప్పాక. చక్రం తీసి, కాలిపర్ బోల్టులు విప్పి, బాడీని సస్పెన్షన్ స్ప్రింగుకు తీగతో వేలాడదీయాలి. హోస్ మీద దాని బరువు పడకూడదు. పిన్నులను ఒక్కొక్కటిగా చేత్తో జరిపి చూడాలి. ప్యాడ్లను బ్రాకెట్ గాడిలో ముందుకూ వెనక్కూ కదిపి చూడాలి. చివరిగా పాత ప్యాడ్ అడ్డం పెట్టి, జి క్లాంపుతో పిస్టన్‌ను నెమ్మదిగా లోపలికి నొక్కాలి. ఒకే బలానికి సాఫీగా వెళ్తే పిస్టన్ మంచిది. ఆగి ఆగి వెళ్లినా, అసలు కదలకపోయినా పిస్టన్ పట్టింది. ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకోవాలి. చిందిన ఆయిల్ రంగును తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

హ్యాండ్ బ్రేకు కలిసి ఉన్న వెనక కాలిపర్లలో పిస్టన్‌ను చాలా వరకు తిప్పుతూ లోపలికి పంపాలి, క్లాంపుతో నొక్కితే లోపలి మర విరుగుతుంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఉంటే ముందు దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టాలి.

అరిగిన ప్యాడ్లూ సాక్ష్యం చెబుతాయి. లోపలి ప్యాడ్ బాగా పలచబడి బయటిది మందంగా ఉంటే ముందు పిస్టన్‌ను, తర్వాత పిన్నులను చూడాలి. బయటిది ఎక్కువ అరిగితే పిన్నులను చూడాలి. ఒకే ప్యాడ్ ఏటవాలుగా అరిగితే ఒక పిన్ను బిగిసిందనో, ప్యాడ్ గాడిలో ఇరుక్కుందనో అర్థం.

పిన్నులు, ప్యాడ్ గాడులు

రాయచూరు దారుల్లో తిరిగే కారులో ముందుగా అనుమానించాల్సినవి ఇవే, సులువుగా బాగయ్యేవీ ఇవే. బిగిసిన పిన్నును లాగి చూస్తే దాని కథంతా ఒంటి మీదే కనిపిస్తుంది. బూటు బాగున్న చోట లోహం మెరుస్తుంది. బూటు చిరిగిన వైపు గ్రీజు, మట్టి కలిసి నల్లగా గడ్డకట్టి ఉంటాయి. గోటితో గీకినా రాదు. దాని కింద తుప్పు వలయం ఉంటుంది.

పిన్నును తిప్పుతూ లాగాలి, సుత్తితో కొట్టకూడదు. బ్రేక్ క్లీనర్‌తో పిన్నునూ, అది దూరే రంధ్రాన్నీ పూర్తిగా శుభ్రం చేయాలి. రంధ్రం అడుగున పాత గ్రీజు మిగిలితే కొత్త గ్రీజు గాలిని బంధించి పిన్నును వెనక్కి తోస్తుంది. పిన్ను వంగినా, తుప్పుతో గుంటలు పడినా మార్చాలి. బూట్లను ఎలాగూ కొత్తవే వేయాలి. కొన్ని కార్లలో రెండు పిన్నులు ఒకేలా ఉండవు, ఒకదానికి చివర రబ్బరు బుష్ ఉంటుంది. ఏది పైన ఉండేదో విప్పేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

గ్రీజు విషయంలో రాజీ పనికిరాదు. బేరింగులకు పూసే మామూలు గ్రీజు బ్రేకు రబ్బరును ఉబ్బిస్తుంది. ఉబ్బిన బూటు, బుష్ కలిసి కొద్ది నెలల్లోనే పిన్నును మళ్లీ పట్టేస్తాయి. బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజును పలుచగా పూయాలి. బూటు పెదవి పిన్ను గాడిలో చుట్టూ సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. ప్యాడ్ కూర్చునే గాడుల్లో క్లిప్పులు తీసి, కింద తుప్పును తీగ బ్రష్షుతో రుద్ది, ప్యాడ్ చేత్తోనే జరిగేలా చేయాలి. ప్యాడ్ రాపిడి ముఖం మీద గానీ డిస్కు మీద గానీ గ్రీజు తగలకూడదు.

బ్రేకు దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం చాలాచోట్ల అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవాలి.

పిస్టన్, సీలు

పిస్టన్ పట్టిందని తేలితే దాన్ని బయటికి తీయాలి. హోస్ ఇంకా తగిలించి ఉండగానే, పిస్టన్ ఎదుట చెక్క ముక్క పెట్టి, పెడల్‌ను నెమ్మదిగా తొక్కిస్తే అది బయటికి వస్తుంది. పిస్టన్ ఎదుట వేళ్లు పెట్టకూడదు. ఒక్కసారిగా దూకితే వేలు నలిగిపోతుంది.

బయటికొచ్చిన పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూడాలి. పైపూత లేచినా, గోరు తగిలేంత గుంటలున్నా అది పనికిరాదు. కాలిపర్ లోపలి గోడ మీద పలుచని మరకలుంటే అతి సన్నని ఎమరీ కాగితాన్ని బ్రేక్ ఆయిల్‌లో తడిపి గుండ్రంగా రుద్దితే పోతాయి. గుంటలుంటే కాలిపర్ మొత్తం మార్చడం తప్పదు. కొత్త సీలు, కొత్త దుమ్ము బూటు ఉన్న కిట్ వేయాలి. పాత సీలు బాగానే కనిపించినా దాని సాగే గుణం పోయి ఉంటుంది, పిస్టన్‌ను వెనక్కి లాగేది ఆ గుణమే. గాడిని లోహపు మొన తగలకుండా శుభ్రం చేసి, కొత్త బ్రేక్ ఆయిల్‌తో సీలునూ పిస్టన్‌నూ తడిపి, నిటారుగా చేత్తో నొక్కితే పిస్టన్ లోపలికి వెళ్లాలి. సుత్తి అవసరమైతే అది వంకరగా కూర్చుందని అర్థం. పెట్రోలు, డీజిలు, కిరోసిన్ ఈ భాగాల దగ్గరికి రానివ్వకూడదు, రబ్బరు పాడవుతుంది.

హోస్, మాస్టర్ సిలిండర్

మూసుకుపోయిన హోస్‌కు మరమ్మతు లేదు, మార్చడమే. రెండు వైపులవీ ఒకే వయసువి కాబట్టి జతగా మార్చాలి. జాయింటు బోల్టు కింద రాగి వాషర్లు కొత్తవి వేయాలి. బిగించాక స్టీరింగును రెండు చివరలకూ తిప్పి, హోస్ మెలి తిరగలేదని, టైరుకు తగలడం లేదని చూసుకోవాలి.

పరీక్ష మాస్టర్ సిలిండర్ వైపు చూపితే, పెడల్ బలాన్ని పెంచే బూస్టరుకు దాన్ని బిగించిన నట్లను రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేసి చూడాలి. చక్రాలు వదిలితే బూస్టరులోని పుష్ రాడ్ సిలిండరును ఎప్పుడూ కొంచెం నొక్కే ఉంచుతోందని అర్థం. సర్దుబాటు చేయాలి, పెడల్ పూర్తిగా వెనక్కి వస్తోందో చూడాలి. అప్పటికీ వదలకపోతే ఆయిల్ వెనక్కి వచ్చే సన్నని రంధ్రం లోపల మూసుకుంది. డబ్బాలో ఇంజిన్ ఆయిల్ లేదా పవర్ స్టీరింగ్ ఆయిల్ పొరపాటున పోసినా రబ్బర్లు ఉబ్బి ఆ రంధ్రాన్ని కప్పేస్తాయి. మూత కింది రబ్బరు ఉబ్బి అలలు తిరిగి ఉంటే ఇదే జరిగిందని తెలుస్తుంది. అప్పుడు ఆయిల్ తాకిన రబ్బరు భాగాలన్నీ మార్చి, పైపులు కడగాలి.

ఆయిల్, ఎయిర్ తీయడం

డబ్బా మూత మీద రాసిన రకం ఆయిలే వాడాలి. గాలిలోని తేమను పీల్చుకోవడం దీని స్వభావం. కొత్త డాట్ 3 ఆయిల్ కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, తేమ చేరాక 140. డాట్ 4కు అవే అంకెలు 230, 155. పట్టిన బ్రేకు వేడి పాత ఆయిల్‌ను సులువుగా మరిగించగలదు. అందుకే కంపెనీ మాన్యువల్ వేరే గడువు చెప్పకపోతే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. మూత తెరిచి ఉంచిన పాత సీసా వాడకూడదు.

పిస్టన్, హోస్ విప్పితే పైపుల్లోకి గాలి చేరుతుంది. ఆ ఎయిర్ తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటారు. రెండోవారు నిపుల్ తెరిచి, బుడగలతో ఆయిల్ వచ్చాక మూసి, అప్పుడే కాలు తీయమంటారు. నిపుల్ మూయకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి వస్తుంది. గొట్టంలో బుడగలు ఆగేదాకా చేయాలి. మధ్యమధ్య డబ్బా నింపుతూ, మట్టం కనిష్ఠ గీత కిందికి పోకుండా చూడాలి.

ప్యాడ్లు, డిస్కు, రోడ్డు పరీక్ష

కాలి గాజులా మెరిసే ప్యాడ్లను, ఆయిల్ తగిలిన ప్యాడ్లను, 3 మి.మీ. కంటే పలచబడ్డవాటిని రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. డిస్కు మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉన్నా, అంచు మీద ముద్రించిన కనీస మందం కంటే తగ్గినా డిస్కులు కూడా జతగా మారాలి. బోల్టులన్నీ మాన్యువల్ చెప్పిన బిగువుతో టార్క్ పానాతో బిగించాలి.

కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కాలి. మరమ్మతు తర్వాత మొదటి తొక్కుకు పెడల్ నేలకు దిగుతుంది. ఇది మరిచి కారు తీసినవారికి గేటు దగ్గరే ప్రమాదం ఎదురవుతుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా మొదలుపెట్టి, మధ్యస్థ వేగం నుంచి పలుమార్లు సాఫీగా బ్రేకు వేసి, మధ్యలో చల్లారనిస్తూ కొత్త ప్యాడ్లను డిస్కుకు కుదురుకోనివ్వాలి. చివరగా వేడి పరీక్ష మళ్లీ చేయాలి. ముందు చక్రాలు రెండూ ఒకే సెగ చూపిస్తేనే పని పూర్తయినట్టు.

మళ్లీ రాకుండా

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు మే నెలలోనూ, నాట్ల బురద తగ్గాకనూ, చక్రాలు తీయించి పిన్నులు, బూట్లు చూపించాలి. బురద దారిలో తిరిగిన రోజే చక్రాల వెనక మామూలు నీళ్లతో కడగాలి. సర్వీసు స్టేషనులో అధిక ఒత్తిడి నీటి ధారను రబ్బరు బూట్ల మీదికి నేరుగా కొట్టనీయకూడదు. కడిగిన కారును అలాగే షెడ్డులో పెట్టకుండా, కొద్ది దూరం నడిపి రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే డిస్కులు ఆరుతాయి. నెలల తరబడి నిలిపే కారును హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి. వారానికోసారి ఎవరైనా కొన్ని కిలోమీటర్లు నడిపి, బ్రేకులు వాడి తెస్తే పిస్టన్లు కదలిక మరిచిపోవు. ఆ నడిపేవారికి పట్టిన బ్రేకు లక్షణాలు ముందే చెప్పి ఉంచితే, లోపం చిన్నదిగా ఉండగానే కనిపెట్టగలుగుతారు.